దిష్టి పోగు

ఇస్త్రీ పెట్టె కింద కొత్త నూలు చీర వేడెక్కి గంజి వాసన వదిలినప్పుడల్లా నాకు నగరి ఊళ్ళో మా ఇల్లు గుర్తొస్తుంది. ముందు గదంతా మగ్గమే. గుంటలో కాళ్ళు పెట్టుకుని నాయన నేస్తుంటే పక్కన అవ్వ రాట్నం మీద నూలు కండెలు చుట్టేది, ఆడికృత్తిక పండక్కి కొండమీది గుడికి కావళ్ళు మోసుకుపోయేవాళ్ళ పాటలు వీధిలోంచి వచ్చి పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె చప్పుడులో కలిసిపోయేవి, అమ్మ గెలికే రాగి సంగటి ఆవిరి వాటన్నిటి మీదా తేలేది. చేతులకూ కాళ్ళకూ తీరిక లేకపోయినా వాళ్ళ చెవులు ఖాళీయే కాబట్టి, బడి లేని రోజుల్లో కథలు చదివి వినిపించడం నా పని.

ఏడో తరగతిలో ఉండగా, తొంభైల్లో, బడి లైబ్రరీ నుంచి అట్ట ఊడిన గ్రీకు పురాణ కథల పుస్తకం తెచ్చాను. ఏ కథ తీసినా ఒకటే వరస. మనిషి కాస్త తలెత్తితే చాలు దేవుళ్ళకు కన్ను కుట్టేది, వాణ్ణి చెట్టుగానో పురుగుగానో మార్చేసేవాళ్ళు, రాతను తప్పించుకోబోయినవాడు నేరుగా పోయి అందులోనే పడేవాడు. మనుషుల ఆయుష్షును ముగ్గురు ముసలమ్మలు పోగుగా వడికి, కొలిచి, కత్తిరిస్తారని చదివితే అవ్వ రాట్నం ఆపి నవ్వింది.

"ఒక్క పోగుకు ముగ్గురా? ఈడ అంతా నేనొకదాన్నే సేస్తా ఉండా."

తర్వాతది నేత పిల్ల కథ. దేవత కంటే బాగా నేస్తానని పందెం కట్టింది. దేవత ఆ గుడ్డలో తప్పు వెతికి, దొరక్క, కోపంతో చింపేసి, పిల్లను సాలెపురుగు చేసింది. నాయన నాడె ఆపాడు.

"ఒక్క తప్పు గూడా లేదా?"

"లేదు నాయనా."

"మరి సించిందెందుకు?"

అవ్వకు ఆశ్చర్యమేమీ లేదు. "అంచులో ఒక పోగు తప్పేసుంటే సరిపోయేది గదా. పాపం, ఆ పిల్లకు సెప్పే పెద్దోళ్ళు లేకపోయినారు."

మా ఇంటి పద్ధతి అది. పసిబిడ్డ బుగ్గన దిష్టి చుక్క పెట్టినట్టు ప్రతి చీర అంచులో కావాలనే ఒక పోగు రంగు మార్చి వేసేవాళ్ళు. మాకు నూలిచ్చి నేయించుకునే షావుకారు ఆ మధ్య దాన్నే చూపించి, మరమగ్గం చీరలో ఇట్లాంటి తప్పులుండవని సణగడం మొదలుపెట్టాడు. ఆ మాట నాయన కడుపులో ఉండిపోయింది. దానికి నా కథ తోడైంది.

"బాగా నేస్తే తప్పా? ఈసారి ఆ పోగు ఎయ్యను," అన్నాడు. అవ్వ ఎంత బతిమాలినా వినలేదు. నాకైతే లోపల ఒకటే సంబరం, నాయనే పందెం కట్టినట్టు.

మామిడి చిగురు రంగు చీర, నెమలికంఠం అంచు. నేత ముగిశాక నాయన నన్ను వెంటబెట్టుకుని దాన్ని షావుకారు దగ్గరికి తీసుకుపోయాడు. షావుకారు దాన్ని వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి, మడిచి పక్కన పెట్టాడు.

"ఏమప్పా, మరమగ్గం చీర తెచ్చి చేతిమగ్గం అంటే ఎట్లా? చేత్తో నేసింది ఇంత సమంగా రాదే."

నాయన కాయలు కాచిన అరచేతులు చాపాడు. షావుకారు వాటివైపు చూడలేదు. అక్కడున్న నేతవాళ్ళంతా నాయన్నే చూశారు. మరుసటి వారం నుంచి మాకు నూలు రాలేదు. ఏడాది తిరక్కుండా నాయన మరమగ్గాల షెడ్డులో కూలికి చేరాడు. ఆ రొదలో పక్కనున్న మనిషి మాటే వినపడదు, ఇక కథలెక్కడ.

ఆ కథ చదివినందుకు నాకు ఇప్పటికీ బాధే. అవ్వ పోయింది, మగ్గం గుంట పూడ్చి సిమెంటు చేయించాం. నేను బడిలో పిల్లలకు గ్రీకు కథలన్నీ చెబుతాను, నేత పిల్ల కథ తప్ప. నాయన నా దగ్గరే ఉంటాడు. ఇన్నేళ్ళ షెడ్డు చప్పుడుకు చెవులు పోయాయి.

మొన్న ఆదివారం నేను పుస్తకం తెరవడం చూసి, "గట్టిగా సదువు పాపా, నేనూ ఇంటాను," అన్నాడు. గొంతెత్తి చదివాను. ఆయన తల ఊపుతూ నవ్వాడు. నేను ఆపేశాక కూడా ఊపుతూనే ఉన్నాడు.