బీరువాలో పెట్టిన మైకు

ఆ ఉదయం మా పెదనాన్న ఇంటి ముందుగదిలో ఉన్నవాళ్లం నలుగురం: పీట మీద పెదనాన్న, ఎదురుగా చాప మీద ఆయన శిష్యుడు, గుమ్మంలో కాఫీ గ్లాసులతో దొడ్డమ్మ, కిటికీ పక్కన నేను. ఉన్న వస్తువులు: పెదనాన్న కుడి చెవికి వినికిడి యంత్రం, దాని అడుగున తగిలించిన గోరంత రిసీవరు, శిష్యుడి ఉత్తరీయానికి క్లిప్పుతో పెట్టిన చిన్న మైకు. పుస్తకం లేదు. ఆ గదిలో వేదం ఎప్పుడూ పుస్తకం చూసి చెప్పలేదు.

అమలాపురం దగ్గర మా ఊళ్లో పెదనాన్న నలభై ఏళ్లు వేదం చెప్పారు. ఈ శిష్యుడు పదేళ్ల వయసులో జంగారెడ్డిగూడెం నుంచి వచ్చాడు. ఇప్పుడు ఇరవై రెండు. ఆఖరి శిష్యుడు, ఆఖరి భాగం, ఆ తర్వాత పరీక్ష. పాఠం పనసలుగా సాగుతుంది. పనస అంటే సుమారు యాభై పదాల ముక్క. శిష్యుడు అప్పజెబుతాడు, గురువు వింటారు. ఒక్క స్వరం కిందిది పైకి పోయినా పెదనాన్న వేలితో పీట మీద కొట్టేవారు. ఎక్కడ తప్పో చెప్పరు. పనస మొత్తం మళ్లీ మొదలు.

"ఈ నోట్లోంచి వెళ్లింది ఇంకో వంద నోళ్లకి వెళ్తుందిరా. తప్పు కూడా వెళ్తుంది" అనేవారు నాతో.

రెండేళ్లుగా ఆయనకి వినికిడి తగ్గుతూ వచ్చింది. కాకినాడలో కొన్న యంత్రం అన్నిటినీ గట్టిగా వినిపించేది, ఫ్యాన్‌నీ కాకుల్నీ కూడా. మన దేశంలో అనుమతి ఉన్న వైర్‌లెస్ మైకు ఒకటి తెచ్చి చూశాను. అది మాటని అందించేది గానీ పై స్వరాన్నీ కింది స్వరాన్నీ ఒకే ఎత్తుకి చదును చేసేది. "గిన్నెలో తలపెట్టి చదువుతున్నట్టుందిరా" అని తీసేశారు. వినకుండా బావుందని చెప్పలేనని పాఠం ఆపేశారు. నాలుగు నెలలు ఆగిపోయింది. అప్పుడు విదేశంలో ఉండే మా బావ, స్వరాన్ని చదును చెయ్యని పాతరకం మైకు సెట్టు ఒకటి తెచ్చిచ్చాడు. ఆ ఉదయం గదిలో ఉన్నది అదే.

మూడో పనసలో పెదనాన్న వేలు పీట మీద టక్కుమంది.

శిష్యుడు ఆగాడు. ముఖమంతా నవ్వు. "ఉందండి గురువుగారూ! తప్పుందండి!"

"ఉందని నాకు తెలుసు గానీ, మొదలెట్టు" అన్నారు పెదనాన్న.

"వాడి తప్పులు వినపడతాయి గానీ నా పిలుపు వినపడదు. యాభై ఏళ్లలో నా మాట విన్నదెప్పుడు గనక" అంది దొడ్డమ్మ గ్లాసులు దించుతూ.

ఆ తర్వాత బ్యాటరీ మార్చడానికి రిసీవరు నేనే తీశాను. వెనక చిన్న అక్షరాల్లో ఫ్రీక్వెన్సీ రాసి ఉంది. చదివాను. చదవడం నా ఉద్యోగం. రాజమండ్రిలో నేను పనిచేసే కంపెనీ, బయటినుంచి వచ్చే వైర్‌లెస్ పరికరాలకు అనుమతి కాగితాలు తయారుచేస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీలో అనుమతి లేకుండా ఏదీ వాడకూడదు. అదే చెప్పాను.

"అన్నయ్యగారూ, ఈ కొబ్బరితోటల్లో ఇది ఎవరికి అడ్డం వస్తుందండి?" అన్నాడు శిష్యుడు.

ఎవరికీ రాదు. దాని తరంగం ముప్పై మీటర్లు దాటదు. ఆ సంగతి అక్కడ అందరికన్నా నాకే బాగా తెలుసు. "రెండు నెలల్లో అనుమతి తెప్పిస్తాను. అంతవరకు వద్దు" అన్నాను.

శిష్యుడు ఇంకేదో అనబోతే పెదనాన్న చెయ్యెత్తి ఆపారు. మైకు తీయించి నా చేతిలో పెట్టి, శిష్యుడితో అన్నారు: "నియమం వాడి విద్యరా. మన విద్యలో ఎవరైనా వేలు పెడితే ఊరుకుంటామా?"

దాన్ని వాళ్ల బీరువాలోనే లోపలి అరలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా సంచిలో వేసుకున్నాను.

దరఖాస్తుకి కావలసినవి ఆరు కాగితాలు. ఐదు వారంలో సిద్ధం చేశాను. ఆరోది తయారీదారు ఇచ్చే పరీక్షల నివేదిక. వాళ్లు ఆ మోడల్ చేయడం ఎప్పుడో మానేశారు. ఉత్తరాలు రాశాను. రెండు నెలలు ఏడు నెలలయ్యాయి. ఫోన్ చేసినప్పుడల్లా పెదనాన్న పంటల గురించీ వాన గురించీ అడిగారు, అనుమతి గురించి ఒక్కసారీ అడగలేదు.

ఒకసారి ఫోన్లో దొడ్డమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "పరీక్ష దగ్గరికొచ్చిందని మళ్లీ పాఠం మొదలెట్టార్రా. మీ పెదనాన్న వాడి పెదాలు చూసి, స్వరానికి కదిలే చెయ్యి చూసి ఊఁ అంటున్నారు."

ఆ ఆదివారమే వెళ్లాను. శిష్యుడు అప్పజెబుతున్నాడు. పెదనాన్న ముందుకి వంగి, వాడి గొంతు దగ్గర కదలికని కళ్లు ఆర్పకుండా చూస్తున్నారు. వేలు పీట మీదే ఉంది. కదల్లేదు.

"పెదనాన్నా, వినపడుతోందా?" అని చెవి దగ్గర అరిచాను.

"కనపడుతోందిలే" అన్నారు.

సంచిలో తాళంచెవి ఉంది. బీరువా పక్కగదిలో ఉంది. నేను భోజనం చేసి రాజమండ్రి బస్సెక్కాను.

మూడు వారాల తర్వాత, పొద్దున్నే సంధ్యావందనానికి కూర్చుని పెదనాన్న అలాగే ఒరిగిపోయారు. కర్మలన్నీ అయ్యాక దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. ఉపసంహరణకి కారణం రాయమని ఒక గడి ఉంది. "అవసరం లేదు" అని రాశాను.

పరీక్షకి ముందు శిష్యుడి చదువంతా ఒకసారి వినడానికి పక్క ఊళ్లో వేదం చెప్పే పెద్దాయన ఒకరు ఒప్పుకున్నారు. నన్నూ రమ్మని వాడే పిలిచాడు. సెలవు పెట్టి వెళ్లి, నోటుబుక్కుతో ఒక మూల కూర్చున్నాను. నాకు స్వరాలు తెలియవు. ఆయన ఎక్కడ ఆపితే అక్కడ గీత పెట్టడం వరకే నా పని. పెదనాన్న చెవులు బాగున్న రోజుల్లో నేర్పిన భాగమంతా రోజుల తరబడి సాగింది. పెద్దాయన కళ్లు మూసుకుని వింటూనే ఉన్నారు. ఒక్కసారీ ఆపలేదు.

తర్వాత, మైకు బీరువాలో ఉండగా చెప్పిన పాఠం వచ్చింది. మొదటిసారి ఆపినప్పుడు శిష్యుడు నావైపు చూశాడు. ఆ తర్వాత చూడలేదు. నాలుగోసారికి ఆ పెద్దాయన మెత్తగా అడిగారు, "ఇది మీ గురువుగారు విన్నారా నాయనా?"

"విన్నారండి" అన్నాడు వాడు.

ఆ భాగంలో ఆయన ఆపిన చోట్లు ముప్పై ఒకటి.