రాబిగ్ క్యాంపులో జెడ్పీటీసీ ఎల్లన్న

సౌదీలోని రాబిగ్‌లో, మా లేబర్ క్యాంపులో ఎల్లన్నను అందరూ 'జెడ్పీటీసీ' అనే పిలిచేవాళ్లు. వెక్కిరింపుగా మొదలైన పేరది. ఆయన మాత్రం కోప్పడలేదు, ఎందుకంటే అది నిజమే. జగిత్యాల దగ్గర పదిహేనేళ్లు బీడీ కార్మికుల సంఘం నడిపాడు. తర్వాత ఐదేళ్లు జిల్లా పరిషత్ సభ్యుడు. రెండోసారి నిలబడి ఓడిపోయాడు. సంఘమూ చీలిపోయింది. నలభై దాటాక ఇక్కడికొచ్చి, పైపుల పక్కన ఇనుప మంచెలు కట్టే పనిలో చేరాడు.

నాది ఆదోని, పేరు ఖయ్యూమ్. క్యాంపు కూలీలను ప్లాంటుకు తీసుకెళ్లే బస్సు నడిపేది నేనే. పొద్దున నా వెనక సీట్లో కూర్చుని ఆయన చెప్పిన పాత ముచ్చట్లు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉన్నాయి.

"కంపెనీ గుమాస్త మంచి బీడీలను గూడ పనికిరావని పారేస్తుండె, భాయ్. మా సంఘంల ముత్యవ్వ అవన్ని చాటల పోస్కపోయి లేబర్ ఆఫీసరు టేబుల్ మీద కుమ్మరిచ్చింది. 'సారూ, నువ్వే ఒకటి తాగి చెప్పు' అన్నది. తాగిండు! దగ్గుకుంటనే 'మంచిగనే ఉంది' అన్నడు."

చెప్పిన ప్రతిసారీ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వేవాడు.

పోయిన ఎండాకాలం ప్లాంటులో రిపేరు పనులు తొందరమీద నడిచాయి. ఇక్కడి చట్టం ప్రకారం ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదు. ఫోర్‌మన్ వినలేదు, మంచెల మీదికి ఎక్కించాడు. నాగేందర్ అనే అతను కళ్లు తిరిగి పడ్డాడు. కింది మెట్టు మీద ఉన్నాడు కాబట్టి బతికాడు.

సాయంత్రం బస్సంతా ఉడికిపోయింది. "రేపు ఎవ్వలం పనికి పోవద్దు" అని ఒకరు అరిచారు.

ఎల్లన్న లేచి నిలబడ్డాడు. "సమ్మె అనే మాట నోట్లెకెల్లి రానియ్యకుర్రి. ఇది జగిత్యాల గాదు, ఈడ సమ్మె జేస్తె జైలే. పొద్దుగాల మంచిగ పని చేద్దాం. పన్నెండింటికి దిగి నీడకు కూసుందాం. గంతే." నా వైపు తిరిగాడు. "ఖయ్యూమ్ భాయ్, మధ్యాహ్నం ఎండల పని బంద్ అని గేటు కాడ అరబ్బీల కాయితం అతికిచ్చిండ్రు. అది రేపు నువ్వు వాళ్లకు చదివి చెప్పాలె."

నాకు భయమేసింది. ముగ్గురు పిల్లలు నాకు. అయినా తల ఊపాను.

మరుసటి రోజు పన్నెండు కొట్టగానే ఇరవై రెండు మంది దిగారు. ఫోర్‌మన్ కేకలకు సౌదీ ఇంజనీరు వచ్చాడు. నేను గేటు దగ్గరి కాయితం తెచ్చి ఆయన ముందు చదివాను.

"మూడింటికి మళ్ల ఎక్కుతం సార్. మిగిలిన పని ముగిసేదాక దిగం" అన్నాడు ఎల్లన్న. అదీ అరబ్బీలో చెప్పాను.

ఇంజనీరు గ్లవుజు తీసి ఇనుప గొట్టం ముట్టుకున్నాడు. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఖలాస్. మూడు దాకా ఎవరూ ఎక్కొద్దు" అన్నాడు ఫోర్‌మన్‌తో.

అప్పుడు ఎల్లన్నను ఎవరూ ఏమీ అనలేదు. చలికాలంలో మాత్రం కంపెనీవాళ్లు ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యూవల్ చెయ్యకుండా ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేశారు. వయసైపోయిందన్నారు. ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను. దారంతా ఆయన వైపు చూడకుండా రోడ్డు మీదే కళ్లు పెట్టి నడిపాను.

"ఎందుకు భాయ్ గట్లున్నవ్? ఆడ ఓడిపోయి వచ్చిన. ఈడ గెలిచి పోతున్న" అని భుజం తట్టాడు.

మొన్న ఫోన్ చేశాడు. బీడీలు చుట్టే ఆడవాళ్ల పింఛన్ కాయితాలు పట్టుకుని రోజూ మండలాఫీసుకు తిరుగుతున్నాడట.

"సౌదీల పదిహేనేండ్లు గట్టిగ మాట్లాడకుంట బతికిన. ఇప్పుడు నోరు ఆగుతలేదు భాయ్" అన్నాడు.