పలక మీద చిన్నాన్న పేరు

నిన్న పొద్దున్న పేపర్లో ఒక ఫొటో చూసి, దేవుడి దగ్గర దీపం పెట్టడం కూడా మరచి అలా కూర్చుండిపోయాను. ఏ దేశపు సరిహద్దో గాని, నలిగిన కాగితం ఒకటి పట్టుకుని ఒకావిడ వరసలో నిలబడి ఉంది. ఆ చూపు నేనెరుగుదును. పంతొమ్మిదివందల యాభైలలో, చోడవరంలో, మా వీధి అరుగు మీద చూశాను.

రంగూను వెళ్ళి బతికిన వాళ్ళు మన ఈడువాళ్ళకు కొత్త కాదు. మా చిన్నాన్న అక్కడి కొయ్యమిల్లులో పనిచేసి, అక్కడి పిల్లనే పెళ్ళాడి తీసుకొచ్చి, ఏడాది తిరక్కుండానే జ్వరంతో పోయాడు. పిన్నికి అక్కడ నా అన్నవాళ్ళు లేరు, ఇక్కడ పెళ్ళి కాగితమూ లేదు. మొదట్లో ముఖం ముడుచుకున్న మామ్మే, కొడుకు పోయాక ఆవిడను దగ్గరకు తీసుకుని, తులసికోటకు నీళ్ళు పోయడం మొదలు భర్త పేరు నోట రానివ్వకపోవడం దాకా అన్నీ నేర్పింది. ఇంట్లోనే నాన్న దగ్గర చదువుకున్న నేను, నాకు వచ్చిన నాలుగక్షరాలూ పిన్ని చేత పలక మీద దిద్దించాను.

ఒకనాడు పరాయి దేశస్థుల విచారణకని ఇనస్పెక్టరు వచ్చాడు. ఈ ఊరివాడి భార్యేనని తేలితే ఉండవచ్చునట, లేకపోతే ఓడెక్కించాలట. మా మాట చెల్లదని, ఆవిడనే భర్త పేరు అడిగాడు. పిన్ని తల వంచుకుంది. మళ్ళీ అడిగినా అంతే. పేరే తెలియదని ఆయన రాసేసుకోసాగాడు.

“ఏటి బాబూ, అలాగ రాసేస్తన్నావు? మొగుడి పేరు ఆడది నోటితో ఎలాగ అంటాది? మీ ఆవిడ నిన్ను పేరెట్టి పిలుస్తాదేటి?” అని మామ్మ లేచింది.

“మా ఆవిడకి ఈ కాగితం అక్కర్లేదు కదమ్మా,” అన్నాడు గాని, ఆయన కలం మాత్రం ఆగింది.

“సెప్పీవే తల్లీ, పరవాలేదు,” అని మామ్మే బతిమాలినా పిన్నికి నోరు పెగల్లేదు. ఆ దేవుడే తోపించాడేమో, నేను లోపలికి పరుగెత్తి పలకా బలపమూ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను. అనకూడదన్నారు గాని రాయకూడదని ఎవరూ అనలేదు కదా! పిన్ని కళ్ళు తుడుచుకుని, వంకర అక్షరాలతో, ఇంటిపేరుతో సహా చిన్నాన్న పేరు రాసింది. ఇనస్పెక్టరు ఆ పలక కేసి చాలాసేపు చూసి, తను రాసింది కొట్టేసి, మంచినీళ్ళడిగి తాగి వెళ్ళాడు.

పిన్ని కడదాకా మా ఇంటి మనిషిగానే బతికింది. మామ్మ నోట్లో ఆఖరి తులసినీళ్ళు పోసింది తనే. ఆ ఇనస్పెక్టరు పేరు మేమెవరమూ అడగలేదు. పేరు లేకుండానే ఇన్నేళ్ళుగా ఆయన్ని నా దణ్ణంలో తలుచుకుంటున్నాను. ఇప్పుడు ఆఫీసుల్లో వేలిముద్రలు చూసే మెషిన్లు వచ్చాయట, క్షణంలో తేల్చేస్తాయట. ఫొటోలోని ఆవిడ ఎదుట, ఎవరో పలక తెచ్చేదాకా కలం ఆపే మనిషి ఒక్కడుంటే బాగుండును.