భుజం మీద ముగ్గుపిండి

నా చిన్నప్పుడు మా గురజాల వైపు పల్లెల్లో కర్రసాము అంటే మగపిల్లల విద్య. మా ఊళ్ళో అది నేర్పేది మా తాతయ్య, అంటే మా నాన్న తండ్రి. పంట పనులు లేని నెలల్లో మా కళ్ళంలోనే వీధి కుర్రాళ్ళందరికీ నేర్పేవాడు. నేను ఆడపిల్లనని ఊరుకుంటానా? ఆయన చుట్టూ తిరిగి ప్రాణం తోడేసి, చివరికి నా ఎత్తుకు సరిపడా ఓ వెదురుకర్ర కోయించుకున్నాను.

కర్ర తిప్పడం తొందరగానే వచ్చింది. ఎదుటివాడి దెబ్బ కాచుకోవడం మాత్రం రాలేదు. ఒకరోజు నాతో జతగా ఆడుతున్న కుర్రాడి కర్ర తగిలి కనుబొమ్మ వాచిపోయింది. పైగా పరికిణీ చిరిగింది. యుద్ధం రోజులు, కంట్రోలు కార్డు మీద తప్ప గుడ్డ దొరకని కాలం. మా అమ్మ మామగారికి ఎదురుపడి మాట్లాడేది కాదు. ఏమన్నా నాతో అన్నట్టే అని ఆయనకు వినిపించేది.

"ఏమే, మీ తాతకి చెప్పు. కన్ను పోతే ఎవురు తెచ్చిస్తారు? ఇంకొక్క దెబ్బ తగిలిందో, ఆ కర్ర పొయ్యిలో పెడతా."

అన్నంత పనీ చేసే మనిషి మా అమ్మ. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మర్నాడు తాతయ్య రెండు కర్రల చివర్లకూ పాతగుడ్డలు చుట్టి ముగ్గుపిండిలో అద్దాడు. నా భుజాల మీద నల్ల గొంగళి మడిచి కట్టి, తానే ఎదురు నిలబడ్డాడు. ఇక తగిలినా నొప్పి ఉండదు, మరక మాత్రం పడుతుంది. కొత్త జొన్నలు కళ్ళానికి వచ్చేలోపు మీ అమ్మ ముందు ఆడి చూపించాలి, ఒక్క మరక పడినా కర్ర పొయ్యిలోకే అన్నాడు. కళ్ళం పక్కనే మా ఇంట్లోంచి వింటున్న అమ్మ కాదనలేదు. ఒప్పుకున్నట్టే లెక్క.

తగిలినప్పుడల్లా నేను గబగబా దులిపేసుకునేదాన్ని. మరక లేకపోతే దెబ్బ తగలనట్టేనని నా తెలివి. కొన్నాళ్ళు చూసి చూసి తాతయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందే ఆ దులపడం? నేను కష్టపడి చూపిస్తుంటే నువ్వు చెరిపేస్తుండావే."

ఆ రోజంతా దులపనివ్వలేదు. ఆట అయ్యాక గొంగళిని నాపరాయి మీద పరిచి చూపించాడు. కుడివైపు దాదాపు శుభ్రంగా ఉంది. మరకలన్నీ ఎడమ భుజం దగ్గరే. నా గుండెల మీద బరువు సగం దిగిపోయింది. నేను అన్నిటికీ చేతకానిదాన్ని కాదు, ఎడమ భుజం దగ్గర చేతకానిదాన్ని, అంతే. నా కర్ర గిరగిరా తిరుగుతుంటే దాన్నే చూసి మురిసిపోతూ, అటువైపు వదిలేస్తున్నాను.

అప్పటినుంచి తిప్పడం బంద్. ఎడమవైపు కాచుకోవడం ఒక్కటే పని. విసుగొచ్చేది, మణికట్లు లాగేసేవి, మరకలు మాత్రం పడుతూనే ఉండేవి. డబ్బాలో ముగ్గుపిండి నిలవడం లేదని అమ్మ సణుక్కునేది. పోనుపోనూ మరకలు తగ్గాయి.

ఆడి చూపించాల్సిన రోజు రానే వచ్చింది. అమ్మ తలమీద కొంగు కప్పుకుని కళ్ళం అంచున నిలబడింది. తాతయ్య నా మీద జాలిపడలేదు. జాలిపడితే అమ్మ ఇట్టే కనిపెడుతుందని ఆయనకు తెలుసు. ఎడమవైపే పదేపదే వేశాడు. నేను నా కర్రను చూడలేదు, ఆయన చేతుల్నే చూశాను. చివరికి ఆయన కర్ర దించాడు.

అమ్మ వచ్చి గొంగళి విప్పి ఎండలో అటూ ఇటూ తిప్పి చూసింది. నా భుజాలు తడిమింది. ఎక్కడా తెల్లటి చుక్క లేదు. హమ్మయ్య అని ఆమె ఊపిరి వదిలాక నేనూ వదిలాను. ఏడుపొచ్చింది. అంతలో అమ్మ తాతయ్య వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన వట్టి ఛాతీ మీద రూపాయంత తెల్లటి మరక. ఎప్పుడు తగిలిందో నాకే తెలియదు.

"మీకే తగిలింది మామయ్యా," అంటూ తుడుచుకోమని కొంగుతోనే సైగ చేసింది. అమ్మ ఆయనతో నేరుగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

తాతయ్య మరక కేసి తల వంచి చూసుకున్నాడు. "ఉండనీ అమ్మాయ్. ఎక్కడ వదిలేశానో నేనూ చూసుకోవాల," అన్నాడు.

ఇప్పటికీ ఏ పని చెడినా నా చెయ్యి ముందు దులుపుకోవడానికే లేస్తుంది. తాతయ్య గుర్తొచ్చి ఆగిపోతుంది. ఎక్కడ తగిలిందో చూసుకుంటాను. చాలాసార్లు అది ఒక్క భుజమే.