ఎస్తేరుకు ఎనిమిది జీబీ

2022లో నేను కరీంనగర్‌లోని ఒక లాప్‌టాప్‌ల షాపులో కౌంటర్ మీద పనిచేసేదాన్ని. ఒక మధ్యాహ్నం చొప్పదండి నుంచి ఎస్తేరు అనే ఆమె తన అన్నతో కలిసి వచ్చింది. ఇంట్లో జాకెట్లు కుడుతుంది, కొత్తగా కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొనుక్కుంది. డిజైన్లు బయట చేయించుకుంటే పెళ్లిళ్ల గిరాకీకి అందడం లేదని, తానే చేసుకుందామని లాప్‌టాప్ కోసం వచ్చింది. కానీ మాట్లాడేదంతా అన్నే.

"తక్కువల చూపెట్టు. ఆడామెకు నాలుగు జీబీ చాలు."

మా ఓనరుకు కావలసింది అదే. నాలుగు జీబీ ర్యామ్ పీసులు అమ్ముడుపోక అలాగే ఉన్నాయి. "మంచిగ నడుస్తది. కావాలంటే తర్వాత పెంచుకోవచ్చు" అంటూ నన్ను ప్యాక్ చేయమని సైగ చేశాడు.

ఆ మోడల్‌లో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డరింగ్ చేసేస్తారు. పెంచడానికి స్లాటే ఉండదు. ఆ సంగతి ఓనరుకూ తెలుసు. నాకు ఒళ్లు మండింది.

ప్యాక్ చేయలేదు. డెమో పీసు ఆన్ చేసి టాస్క్ మేనేజర్ తెరిచాను. ఏది ఎంత మెమరీ వాడుతోందో అందులో కనబడుతుంది. స్క్రీన్ ఎస్తేరు వైపు తిప్పాను.

"అక్కా, ర్యామ్ అంటే నువ్వు గుడ్డ పరిచి కత్తిరించే బల్ల అనుకో. మనం ఇంకా ఏం తెరవలే. ఆపరేటింగ్ సిస్టమే సగం కంటె ఎక్కువ పరుచుకున్నది. ఇగ నీ డిజైన్ల సాఫ్ట్‌వేర్ ఏడ పెడ్తవ్? గీ పీసుల తర్వాత పెంచరాదు."

ఓనరు మొహం మాడిపోయింది. "మాకు తెల్వదా? ఆమెకు చెప్తవేంది?" అని ఎస్తేరు అన్న నన్ను గద్దించాడు.

ఎస్తేరు అతని వైపు తిరిగింది. "అన్నా, జర ఆగు. మిషన్ ముంగట కూసునేది నేను. పని నడుమ ఆగితే గిరాకీకి జవాబు చెప్పేది నేను." తర్వాత నన్ను అడిగింది: "నా పనికి ఎంత కావాలె?"

"ఎనిమిదికి తక్కువ తీసుకోకు. తర్వాత పెంచుకునేటందుకు ఇంకో స్లాట్ ఖాళీగ ఉన్న పీసు చూసుకో."

అదే కొన్నది. అన్న ముందే బయటికి వెళ్లి బండి మీద కూర్చున్నాడు.

వాళ్లు వెళ్లగానే ఓనరు నా మీదికొచ్చాడు. "గిరాకీ ముంగట నా మాట కొట్టేస్తవా? మాఫీ అడుగు. లేకుంటె రేపటి సంది రాకు."

"నేను అబద్ధం చెప్పలే సార్. మాఫీ అడగ."

బ్యాగు తీసుకుని మెట్లు దిగాను. వెనక్కి తిరగలేదు. కొన్నాళ్లు ఖాళీగా ఉండి, తర్వాత ఒక గల్లీలో సొంతంగా రిపేరు దుకాణం పెట్టాను. ఎస్తేరు మాట విని చొప్పదండి నుంచి మరికొందరు కుట్టుపని ఆడవాళ్లు వచ్చారు.

ఆమె అన్నలాంటి వాళ్లు ఇప్పటికీ వస్తారు. కౌంటర్ మీద చేతులు పెట్టి వాళ్లే మాట్లాడతారు. లాప్‌టాప్ వాడబోయే మనిషి ఎవరో ఆ రోజు నుంచి ముందు కనుక్కుంటున్నాను. ఆ మనిషికే కుర్చీ వేసి, ఏం పని చేస్తావని అడుగుతాను. కోపమొచ్చి లేచిపోయేవాళ్లు ఉంటారు. పోనీ.