మెహిటబెల్ సాక్ష్యం

మసాచుసెట్స్ తీరంలో, సముద్రపు నీళ్లు ఎక్కి దిగే బురదనేలల్లో ఉప్పుగడ్డి కోతలప్పుడు మెహిటబెల్ గడ్డి పోగుచేస్తూ నడుస్తుంటే నేల మీద నడుస్తున్నట్టుండేది కాదు. సముద్రం వెనక్కి జరిగేది, పొగమంచు మోకాళ్లదాకా పాకేది, ప్రార్థనామందిరం గాల్లో తేలేది. అలాంటి ఒక తెల్లవారుజామున, కిందటి చలికాలంలో చనిపోయిన కూతురు పేషన్స్ ఆ మంచులో కనిపించింది. కాళ్లకు జోళ్లు లేవు. నవ్వుతోంది.

"చలేయట్లేదమ్మా" అంది.

అంతే, గుండెల మీది బరువు దిగిపోయింది. బిడ్డ దేవుడి దగ్గరుంది, దేవుడు పరలోకానికి తననూ ఎంచుకున్నాడు. ఇంకేం కావాలి?

కావాలి మరి. రాజుగారి మతం పడక ఇంగ్లండు నుంచి ఓడలెక్కి వచ్చిన జనం వాళ్లు. దేవుడు ఎంచుకుంటే సరిపోదు, రక్షణ ఎలా దొరికిందో సాక్ష్యం చెప్పాలి, సంఘమూ ఒప్పుకోవాలి. సంఘంలో చేరినవాళ్ల పిల్లలకే బాప్తిస్మం. పేషన్స్ అది లేకుండానే పోయింది. ఇప్పుడు ఒళ్లోని కొడుకు ఎజ్రాకు దగ్గు తగ్గట్లేదు. మొగుడు జాబెజ్‌కు చేపల వల తప్ప ఇంకేదీ పట్టదు. అందుకని ఆమే సంఘ పెద్ద ఓబద్యా దగ్గరికి వెళ్లి అంతా చెప్పింది.

"పాపాలు తలుచుకుని వణికిపోలేదా, అమ్మా?"

"లేదు పెద్దయ్యా, హాయిగా ఉంది."

"రక్షణ దొరికిందని అంత గట్టిగా ఎలా చెప్తావు?"

"కళ్లారా చూశాక ఇంకా అనుమానమేంటి?"

"అదే సైతాను పని! నిజంగా ఎంపికైనవాడికి నిద్రే పట్టదు. మంచులో కనపడింది నీ కూతురేనని ఎవరు చెప్పారు నీకు? వెళ్లు, మనసు వెతుక్కో."

చెడ్డవాడు కాదాయన. ఇంత వయసొచ్చినా తన రక్షణ సంగతి తనకే తేలలేదు. అక్కడ అనుమానమే భక్తికి గుర్తు. ఏం మనుషులో!

ఆమె మళ్లీ గడ్డిలోకి వెళ్లింది. మంచు వచ్చింది, పేషన్స్ రాలేదు. ఆ రోజు వచ్చింది నిజంగా సైతానేనా? నవ్వు గుర్తు తెచ్చుకోబోతే ముఖం చెదిరిపోయేది. కోతలు అయ్యేసరికి మనిషి సగమైంది.

ఓబద్యా వచ్చి అడిగాడు. "ఇప్పుడు చెప్పమ్మా, రక్షణ పొందావా?"

"ఏమో పెద్దయ్యా. నా బిడ్డ ఎక్కడుందో కూడా తెలియట్లేదు" అని భోరుమంది.

ముసలాయన కళ్లు చెమర్చాయి. "స్తోత్రం! ఇదీ సాక్ష్యమంటే!"

ఆదివారం పాస్టరు ఆమె మాటలు చదివి వినిపించాడు. ఆమెను సంఘంలో చేర్చుకుందామని చేతులన్నీ లేచాయి. నెత్తిన నీళ్లు పడగానే ఎజ్రా కేరుమన్నాడు.

దారిలో జాబెజ్ సంబరపడ్డాడు. "ఇంకేం, వీడికి పరలోకంలో చోటు దొరికినట్టేగా!"

"మరి పేషన్స్‌కో?" అంది మెహిటబెల్.