నూటికి నూరు క్షేమం

ఆయన అసలు పేరు ఆ భవనంలో ఎవరికీ గుర్తులేదు. అందరూ టింగు గారనే అంటారు. ఆరంతస్తుల ఆఫీసు భవనానికి ఆయన భద్రతా సూపర్‌వైజరు. ఆయన ఒక మెసేజి పంపితే చాలు, అక్కడ అద్దెకున్న వాళ్ళందరి ఫోన్లూ ఒక్కసారిగా టింగుమంటాయి. ఆ పేరు మొదటిసారి చెవిన పడ్డప్పుడు కోపం తెచ్చుకోలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయాడు కూడా. ఇదంతా ఆయన నోటితో చెప్పిందే. తనను తాను వెక్కిరించుకోవడానికి ఆయనకు ఎవరి సాయమూ అక్కర్లేదు.

మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది. ఈయనది మెసేజిల పిచ్చి. పొద్దున్నే "మెట్లు కడుగుతున్నారు, జాగ్రత్త" అని టింగుమనిపించేవాడు. కాసేపటికి "మెట్లు ఆరిపోయాయి" అని మరో టింగు. భోజనాల వేళకు "మెట్ల విషయంలో సహకరించినందుకు ధన్యవాదాలు" అని ఇంకోటి. మెట్లు కడిగే ఆమె చీపురు కింద పెట్టి, "అయ్యా, నేను కడిగిన దానికంటే మీరు చెప్పిందే ఎక్కువైపోయింది" అంది ఒకరోజు. ఆయన దాన్ని కూడా పొగడ్త కిందే జమకట్టుకున్నాడు.

ఆయన భార్య అదే భవనంలో అయిదో అంతస్తులో, వినికిడి పరీక్షలు చేసే క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. వచ్చినవాళ్ళ వివరాలు రాసుకోవడం, గదిలోకి పంపడం ఆమె పని. పరీక్ష చేసే డాక్టరమ్మ గదిలోకి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. కాబట్టి డాక్టరమ్మ ఫోనూ, పేషెంట్ల ఫోన్లూ ఈవిడ బల్ల మీదున్న ట్రేలోనే ఉంటాయి. "ఆఫీసులో మీ వాయింపు, ఇంట్లో మీ వాయింపు. చెవుల డాక్టరు దగ్గర ఉద్యోగం ఊరికే రాలేదండీ నాకు" అనేది ఆవిడ.

అలాంటి మనిషి చేతికి భవనం ఓనరు గారు ఒక కొత్త భద్రతా యాప్ ఇచ్చారు. ఏదైనా ప్రమాదం వస్తే సూపర్‌వైజరు హెచ్చరిక పంపుతాడు. అందరి ఫోన్లూ మోగుతాయి. తెర మీద 'నేను క్షేమం' అని ఒక బటన్ వస్తుంది. మెట్లు దిగి గేటు బయటికి వచ్చాక దాన్ని నొక్కాలి. నొక్కేదాకా ఫోన్ ఆగి ఆగి మోగుతూనే ఉంటుంది. సూపర్‌వైజరు ఫోన్లో మాత్రం మనిషికో చుక్క కనిపిస్తుంది. నొక్కినవాళ్ళది పచ్చ, నొక్కనివాళ్ళది ఎరుపు. దాన్ని చూసిన రోజు టింగు గారికి రాత్రి అన్నం సహించలేదు, అంత సంతోషం.

మొదటి డ్రిల్లులో సగం చుక్కలు ఎర్రగానే ఉండిపోయాయి. ఓనరు గారు నవ్వి, "అయితే సగం మంది పోయారన్నమాట!" అన్నారు. సరదాకే అన్నారు. కానీ టింగు గారికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు అంతస్తు అంతస్తుకూ తిరిగాడు. రెండో అంతస్తులో లాయర్ల ఆఫీసు గుమాస్తాను పట్టుకుని బతిమాలాడు.

"బాబ్బాబు, మీరు దిగకపోయినా నేనేం అనను. ఆ బటన్ మాత్రం ముందు నొక్కేయండి."

"దిగకుండా నొక్కొచ్చాండీ?"

"దిగడానిదేముంది, ఎప్పుడైనా దిగొచ్చు. నా శాతం పడిపోతోందయ్యా!"

ఈ సలహా భవనమంతా పాకడానికి ఆయనకు మెసేజి కూడా అక్కర్లేకపోయింది. తర్వాత డ్రిల్లుకి ఎర్రచుక్కలు బాగా తగ్గాయి. ఆ తర్వాత అసలు లేవు. టింగుమంటే చాలు, తల ఎత్తకుండానే జనం నొక్కేసేవాళ్ళు. లాయర్ల గుమాస్తా ఒక చేత్తో ఫైలు కట్టుకుంటూ రెండో చేత్తో నొక్కేవాడు. టింగు గారి భార్య తన ఫోన్ నొక్కి, ట్రేలో ఉన్న డాక్టరమ్మ ఫోన్ కూడా నొక్కి, వచ్చినవాళ్ళ వివరాలు రాసుకోవడంలో పడిపోయేది. అందరికంటే ముందు పచ్చబడే చుక్క టింగు గారిదే. హెచ్చరిక పంపిన కుర్చీలోంచి కదలకుండానే నొక్కేవాడు మరి. నూటికి నూరు! ఓనరు గారు ఒక ప్రశంసాపత్రం ఇస్తే దానికి ఫ్రేము కట్టించి లిఫ్టు పక్కన మేకు కొట్టి తగిలించాడు. లిఫ్టు కోసం ఎదురుచూసే ప్రతివాడూ దాన్ని చదివి తీరాల్సిందే.

ఇక గంట సంగతి. ప్రతి అంతస్తులోనూ గోడకు ఒక ఎర్ర గంట ఉండేది. రంగులు వేసేవాళ్ళు దాని తీగ తెంపేశారు. భవనం ఎలక్ట్రీషియన్ కనిపించినప్పుడల్లా "సార్, గంట తీగ కలిపేద్దామా" అని అడిగేవాడు. "అరచేతిలో ఫోన్లుండగా ఈ పాతకాలపు గంటెందుకయ్యా" అని ఈయన కొట్టిపారేసేవాడు. ఆ మాట అన్నప్పుడు తన గొంతు ఎంత దర్జాగా పలికిందో ఆయనే అభినయించి చూపిస్తాడు ఇప్పుడు. చూసేవాళ్ళకు నవ్వొస్తుంది. ఆయనకూ వస్తుంది, కాస్త ఆలస్యంగా.

ఆ రోజు పట్టపగలు. ఎలక్ట్రీషియన్ నేలమాళిగలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"సార్, కింద కేబుళ్ళ గదిలో పొగ! మెయిన్ ఆపేశాను. ఫైరింజనుకి ఫోన్ చేశాను. అందర్నీ దించేయండి."

టింగు గారు ఫోన్ తీశాడు. డ్రిల్లుకి పంపే మెసేజిలోంచి 'డ్రిల్లు' అన్న మాట కొట్టేసి, 'నిజమైన ప్రమాదం' అని చేర్చాడు. అంత హడావిడిలోనూ అక్షరదోషాలున్నాయేమోనని ఒకసారి చదువుకున్నాడట మహానుభావుడు. పంపాడు. భవనమంతా టింగుమంది. చుక్కలు చకచకా పచ్చబడిపోయాయి. ఎప్పటి అలవాటు కొద్దీ తనది కూడా నొక్కబోయాడు గానీ, అంతలో ఫైరింజను గేటులోకి రావడంతో ఫోన్ పట్టుకుని దానికి ఎదురు పరుగెత్తాడు.

అగ్నిమాపక అధికారి దిగీ దిగగానే అడిగాడు. "లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు సార్! చూడండి, నూటికి నూరు క్షేమం." ఫోన్ చాచి చూపించాడు. ఆ మాట చెప్పేటప్పుడు తన ఛాతీ కాస్త పొంగిందని ఆయనే ఒప్పుకుంటాడు.

అధికారి ఫోన్ వంక చూసి, గేటు బయట ఖాళీగా ఉన్న రోడ్డు వంక చూశాడు. "మరి వాళ్ళంతా ఏరి?"

టింగు గారు కూడా వెనక్కి తిరిగి చూశాడు. గేటు దగ్గర ఎలక్ట్రీషియన్, మెట్లు కడిగే ఆమె, కింది అంతస్తు కళ్ళజోళ్ళ షాపు వాళ్ళు తప్ప మరో పురుగు లేదు. అందరూ వెనకవైపు మెట్ల నుంచి దిగి ఉంటారని ఒక్క క్షణం తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఆ భవనానికి వెనకవైపు మెట్లే లేవు. అప్పుడే ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, ఈసారి డ్రిల్లుకి వాసన కూడా పెట్టారా? భలే ఉందండీ, అచ్చం నిజంలాగే ఉంది."

టింగు గారికి పై ప్రాణాలు పైనే పోయాయి. "నువ్వెక్కడున్నావే?"

"ఎక్కడుంటాను, క్లినిక్‌లో. నొక్కేశానుగా! డాక్టరమ్మది కూడా నొక్కేశాను. కరెంటు కూడా తీసేశారు చూడండి, ఎంత బాగా..."

"డ్రిల్లు కాదే! నిజం! దిగు, ముందు దిగు!"

అవతల ఆవిడ నవ్వు ఠక్కున ఆగిపోయింది. "పరీక్ష గదిలో ఒక పెద్దాయన ఉన్నారండీ" అంది.

ఆయన ఫోన్‌ని అధికారి చేతిలో పడేసి మెట్ల వైపు పరుగు తీశాడు. వెనక నుంచి అధికారి "ఆగండి, ఆగండి" అంటూనే ఉన్నాడు. టింగు గారు జీవితంలో మొదటిసారి ఫోన్ లేకుండా ఆ మెట్లెక్కాడు. మొదటి అంతస్తులో తలుపు తోసి, "నిప్పు! దిగండి!" అని అరవబోతే కీచుమని ఏదో వచ్చింది. రోజంతా బొటనవేలితో మాట్లాడే మనిషి, అరిచి ఎన్నాళ్ళయిందో. రెండో అంతస్తుకు వచ్చేసరికి గొంతు పెగిలింది. లాయర్ల గుమాస్తా కుర్చీలోంచి లేవకుండానే, "నొక్కాం కదండీ!" అని ఎదురు కసిరాడు. టింగు గారు అతని రెక్క పట్టుకుని లేవదీసి మెట్ల మీదికి తోశాడు.

"నొక్కడం కాదురా నాయనా, నడు!"

మూడో అంతస్తులోనూ అదే మాట, నాలుగులోనూ అదే మాట. నొక్కాం కదా, నొక్కాం కదా. తను నేర్పిన పాఠం ఒక్కరూ మర్చిపోలేదు. ఆయన బల్లలు బాదుతూ, తలుపులు తన్నుతూ, ఒక్కొక్కరినీ దించాడు. ఆరో అంతస్తు ఖాళీగా ఉండి నెలలైంది. పొద్దుట దాకా అద్దెకు ఎవరూ రావడం లేదని ఓనరు గారితో పాటు తనూ బాధపడ్డాడు. ఇప్పుడు దానికే మొక్కుకున్నంత పని చేశాడు.

అయిదో అంతస్తులో మనుషులకు సంగతి తెలుసు గానీ పని సాగడం లేదు. చప్పుడు చొరకుండా మందపాటి తలుపుతో కట్టిన చిన్న గది, ఆ పరీక్ష గది. ఆ తలుపు బార్లా తీసి డాక్టరమ్మ ఒక చెయ్యి, టింగు గారి భార్య ఒక చెయ్యి పట్టుకుని లాగుతున్నారు. లోపల పెద్దాయన కదలడం లేదు. పరీక్ష కోసం చెవి మిషన్లు తీసేశారు. తలకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టారు. చేతికి ఒక చిన్న బటన్ ఇచ్చారు, చప్పుడు వినిపిస్తే నొక్కమని. ఇద్దరాడవాళ్ళు ఎందుకు లాగుతున్నారో ఆయనకు అర్థం కాక, ఆ బటన్ను గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

టింగు గారు ఆయన ఎదుట నిలబడి రెండు చేతులూ పైకి ఆడిస్తూ మంట చూపించాడు. ముక్కు మూసుకుని పొగ చూపించాడు. పరుగెత్తినట్టు నటించాడు. పెద్దాయన ఆసాంతం చూసి, బాగుందన్నట్టు నవ్వాడు. అప్పుడు భార్య, "మీ నాటకం తర్వాత, ముందు వంగండి!" అని కసిరి, పెద్దాయన్ని భర్త వీపు మీదికి ఎక్కించింది.

మెట్లలో పొగ మొదలైంది. "మీరిద్దరూ ముందు నడవండి" అన్నాడు టింగు గారు. భార్య కదల్లేదు. "నడవమంటే నడవ్వేం!" అని గట్టిగా అరిచేసరికి, డాక్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని దిగింది. వీపు మీద పెద్దాయన ఆయన చెవి దగ్గరే బిగ్గరగా మాట్లాడుతున్నాడు.

"చప్పుడు వినపడితే నొక్కమన్నారు బాబూ. నాకేం వినపడలేదు. అందుకే నొక్కలేదు. తప్పా?"

"తప్పు మీది కాదండీ" అన్నాడు టింగు గారు. పెద్దాయనకు అదీ వినపడలేదు. ఆ భవనమంతటికీ అబద్ధం నొక్కని వేలు ఇదొక్కటే కదా అనుకున్నాడు. నవ్వొచ్చింది, దగ్గొచ్చింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఏవి పొగ వల్ల, ఏవి కాదు అన్నది తేల్చుకునే తీరిక లేదు.

రెండో అంతస్తు దగ్గర పొగ దట్టమై దారి కనిపించలేదు. మెట్ల మలుపులో ఒక కిటికీ ఉంది. దాన్ని తెరిచి, పెద్దాయన తల బయటికి పెట్టించి, తను పక్కన చతికిలబడ్డాడు. గొంతు పూర్తిగా పోయింది. కింద టింగు టింగుమని ఎక్కడో ఒక ఫోన్ ఆగి ఆగి మోగుతోంది. అంత నేర్పినా ఎవడో ఇంకా నొక్కలేదని చిరాకు పడ్డాడు. బుద్ధి అంత తొందరగా మారుతుందా! కాసేపటికి ముసుగులు వేసుకున్న ఫైర్ సిబ్బంది పైకి వచ్చి ఇద్దర్నీ పట్టుకుని దించారు.

గేటు బయట రోడ్డంతా జనం. భవనంలోని మనుషులంతా ఒక్కచోట నిలబడి ఉండడం టింగు గారు అదే మొదటిసారి చూడటం. ఇన్ని డ్రిల్లుల్లో ఎన్నడూ చూడలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. గుమాస్తా వచ్చి నీళ్ళ సీసా చేతిలో పెట్టి, ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. పెద్దాయన్ని డాక్టరమ్మ కుర్చీలో కూర్చోబెట్టింది.

భార్య ఒక పక్కగా నిలబడి ఉంది. అధికారి ఇచ్చిన ఆయన ఫోన్ ఆవిడ చేతుల్లో ఉంది. అది టింగుమంటోంది. మెట్ల దగ్గర ఆయన విన్నది దాన్నే. తెర నిండా పచ్చచుక్కలు, వాటి మధ్య ఒకే ఒక్క ఎర్రచుక్క. ఆయనదే.

"ఇంతసేపూ మోగుతూనే ఉందండీ" అన్నాడు అధికారి. "నొక్కేసి ఆపండంటే ఆపలేదు మీ ఆవిడ."

టింగు గారు భార్య వంక చూశాడు. ట్రేలోని ఫోన్లన్నీ అలవోకగా నొక్కి పారేసే మనిషి. బొటనవేలు ఆ బటన్ పక్కనే ఉంది.

"నొక్కొచ్చుగా?" అన్నాడు, గొంతు లేని గొంతుతో.

"మీరు కనపడకుండా ఎట్లా నొక్కుతానండీ!" అంటూ ఆవిడ భోరుమంది.

ఆయన ఆవిడ భుజం పట్టుకున్నాడు. ఫోన్ మళ్ళీ టింగుమంది. ఇద్దరూ కాసేపు దాన్ని అలాగే మోగనిచ్చారు. తర్వాత ఆవిడే ఆయన వేలు పట్టుకుని బటన్ మీద పెట్టింది.